మీ ఇంట్లో పాటల పెట్టె పసిబిడ్డకు భద్రమేనా?



పసిబిడ్డ ఉన్న ఇంట్లో మనం మందుల సీసాలు పై అరలో పెడతాం. కిరోసిన్ డబ్బా దాస్తాం. నీళ్ళ తొట్టి మీద మూత వేస్తాం. కాని ముందుగదిలో రోజంతా మన కళ్ళ ఎదుటే ఉండే ఒక వస్తువు గురించి చాలామంది ఆలోచించరు. అదే టీవీ, ఆంప్లిఫైయరు, స్పీకర్లు, డీవీడీ ప్లేయరు పెట్టుకున్న స్టాండు.

ఒక ఇంటిని ఊహించుకుందాం. బాబుకు 14 నెలలు. అమ్మ వంటింట్లో ఉంది. తాతయ్య పాటలు పెట్టుకుని పడక కుర్చీలో కళ్ళు మూసుకున్నారు. ఆంప్లిఫైయరు మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. తిప్పితే తిరిగే నాబ్ ఉంది. వెనకనుంచి నల్లటి వైరు వేలాడుతోంది. స్టాండు పైన, అందకుండా ఉంటుందని, అమ్మ బిస్కట్ల డబ్బా పెట్టింది. బాబు పాక్కుంటూ వచ్చాడు, అర పట్టుకుని నిలబడ్డాడు, ఒక కాలు కింది అరలో పెట్టాడు. తరవాత జరిగేదానికి ఒకటి రెండు సెకన్లు చాలు. వంటింట్లోంచి పరుగెత్తినా అందుకోలేం.

బాబు చేసింది అల్లరి కాదు, ఎదుగుదల. వెలిగేదాన్ని తాకడం, తిరిగేదాన్ని తిప్పడం, వేలాడేదాన్ని లాగడం, దొరికినదాన్ని నోట్లో పెట్టుకోవడం ఆ వయసు పని. కాబట్టి "తాకకు" అని చెప్పడం ఒక్కటే రక్షణ కాదు. వస్తువును తగిన చోట, తగిన బీరువాలో పెట్టడం పెద్దల బాధ్యత. అలాంటి బీరువాను ఎలా ఎంచుకోవాలో, డబ్బు ఎక్కువ లేనివారు ఏం చేయవచ్చో, పొరపాటున ప్రమాదం జరిగితే మొదట ఏం చేయాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఏ వయసులో ఏం చేస్తారు?

6 నుంచి 9 నెలలు: దొర్లుతారు, పాకుతారు. నేలమీద ఉన్న వైర్లు, స్విచ్ బోర్డులు, స్పీకరు కింది భాగం వారికి అందుతాయి. పళ్ళు వచ్చే సమయం కాబట్టి వైరును కొరుకుతారు.

9 నుంచి 12 నెలలు: ఏదో ఒకటి పట్టుకుని లేచి నిలబడతారు. టీవీ స్టాండు అంచు, నిలువు స్పీకరు వారికి ఊతకర్రలాంటివి.

ఏడాది నుంచి రెండేళ్ళు: సొరుగులు లాగుతారు, లాగిన సొరుగునే మెట్టుగా చేసుకుని ఎక్కుతారు. రిమోట్ వెనక మూత ఊడదీస్తారు.

రెండు నుంచి మూడేళ్ళు: స్టూలు, కుర్చీ లాక్కొచ్చి ఎక్కుతారు. "అందదులే" అనుకున్న ఎత్తు అంతటితో పోతుంది.

మూడు నుంచి ఐదేళ్ళు: మామూలు గొళ్ళెం తీయడం నేర్చుకుంటారు. ఖాళీ అరల్లో, పెట్టెల్లో దాక్కుని ఆడుకుంటారు.

అంటే ఈ రోజు సరిపోయిన ఏర్పాటు ఆరు నెలల తరవాత సరిపోకపోవచ్చు. బిడ్డ ఒక కొత్త విద్య నేర్చినప్పుడల్లా ముందుగదిని ఒకసారి కొత్తగా చూడాలి.

ప్రమాదాలు ఎన్ని రకాలు?

మొదటిది, మీద పడటం. పాత పెద్ద టీవీల్లో బరువంతా ముందువైపు గాజు తెరలో ఉంటుంది. కొంచెం ముందుకు వంగితే చాలు, బోల్తా పడతాయి. ఇప్పటి పలుచటి టీవీలు తేలికే గాని వాటి కాళ్ళు ఇరుకు. నిలువు స్పీకర్లు పొడవు ఎక్కువ, పీట చిన్నది. పసిబిడ్డ శరీరంలో తల భాగం పెద్దది, పుర్రె ఇంకా పలుచన. అందుకే పెద్దవారికి బొప్పి కట్టే దెబ్బ పసిబిడ్డకు ప్రాణం మీదికి తెస్తుంది.

రెండవది, కరెంటు. మన ఇళ్ళలో 230 వోల్టుల కరెంటు వస్తుంది. తడి చేతులకు, తడి నోటికి అది మరింత సులభంగా పాకుతుంది. ప్లగ్గు తీసేసినా ఆంప్లిఫైయరు, పాత టీవీ లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలవ ఉంటుంది. అందుకే వెనక మూత ఊడిపోయిన పెట్టెను "ఆఫ్‌లోనే ఉందిగా" అని వదిలేయకూడదు.

మూడవది, బటన్ బ్యాటరీ. సౌండ్ బార్లకు, చిన్న ప్లేయర్లకు వచ్చే పలుచటి రిమోట్లలో రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఉంటుంది. దీని సంగతి తరవాత వివరంగా చెబుతాం, ఎందుకంటే ఇది అన్నిటికంటే మోసకారి.

నాలుగవది, వైర్లు మెడకు చుట్టుకోవడం. ఉయ్యాలకు, పడకకు మూడు అడుగుల లోపు ఏ వైరూ వేలాడకూడదు.

ఐదవది, వేళ్ళు నలగడం, గాజు పగలడం. తలుపుల సందులో, జారుడు తలుపుల మధ్య, అతుకుల దగ్గర చిన్న వేళ్ళు ఇరుక్కుంటాయి. మామూలు గాజు తలుపు పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది.

ఆరవది, నిప్పు. గాలి ఆడని పెట్టెలో ఆంప్లిఫైయరు వేడెక్కితే వైరు తొడుగు మెత్తబడుతుంది, షార్టు సర్క్యూటు కావచ్చు.

మూయాలి, కాని ఊపిరి ఆడాలి

పాటల యంత్రాన్ని బీరువాలో దాచడం కొత్త సంగతి కాదు. అమెరికాలో విక్టర్ కంపెనీ 1906లో విక్ట్రోలా అనే గ్రామఫోను తెచ్చింది. అంతకు ముందు పైకి పువ్వులా కనిపించే బూరాను చెక్క పెట్టె లోపలికి మళ్ళించి, ముందు చిన్న తలుపులు పెట్టారు. తలుపులు తెరిస్తే శబ్దం ఎక్కువ, మూస్తే తక్కువ. కాని ఆ యంత్రం చేతితో కీ ఇచ్చి తిప్పేది. దానికి కరెంటు లేదు, వేడి లేదు. కాబట్టి ఎంత బిగుతుగా మూసినా ఇబ్బంది రాలేదు.

ఇప్పటి ఆంప్లిఫైయరు అలా కాదు. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే పాత రకం ఆంప్లిఫైయర్లు తీసుకున్న కరెంటులో దాదాపు సగమే స్పీకర్లకు పంపుతాయి. మిగిలినది వేడిగా మారుతుంది. 100 వాట్లు తీసుకుంటే, పెట్టెలో 40, 50 వాట్ల బల్బు వెలిగించి తలుపు మూసినట్టే. మన ఎండాకాలంలో గది వేడికి ఇది కూడా తోడైతే చెప్పనక్కరలేదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. బిడ్డ కోసం మూయాలి. యంత్రం కోసం తెరవాలి. ఈ రెండూ కుదిరే బీరువాయే మంచి బీరువా. వేడిగాలి పైకి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది. కాబట్టి బీరువాకు కింద ఒక గాలి దారి, వెనక పైభాగంలో ఒక గాలి దారి ఉండాలి. యంత్రం చుట్టూ, పైన కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు. పేర్చక తప్పకపోతే ఎక్కువ వేడెక్కేది పైన ఉండాలి.

గాలి దారికి పెట్టే రంధ్రాలు 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవిగా ఉంటే పసివేలు దూరదు. పెద్ద రంధ్రమైతే లోపలివైపు సన్నని జాలీ బిగించండి. దీనితో బల్లులు, ఎలుకలు కూడా లోపలికి రావు. ఎలుక కొరికిన వైరు బిడ్డ కొరికిన వైరంత ప్రమాదమే.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. తలుపులు మూసి గంటసేపు పాటలు పెట్టండి. తరవాత తలుపు తీసి బీరువా లోపలి పై చెక్కను, యంత్రం పై భాగాన్ని తాకండి. చేయి నిలపలేనంత వేడిగా ఉంటే గాలి చాలడం లేదని అర్థం. రంధ్రాలు పెంచాలి, లేదా వెనక చెక్క కొంత తీసి జాలీ వేయించాలి. టీవీ మీద, ఆంప్లిఫైయరు మీద కప్పే అల్లిక గుడ్డలు గాలి దారిని మూసేస్తాయి. వాటిని తీసేయండి. నీళ్ళున్న పూలకుండీ అసలే పెట్టవద్దు.

ఏది ఎంచుకోవాలి?

గోడ అలమర: పాత ఇళ్ళలో గోడలోనే కట్టిన అలమర ఉంటుంది. అది ఎన్నటికీ మీద పడదు. దానికి జాలీ తలుపులు పెట్టించి, వైరుకు ఒక రంధ్రం వేయిస్తే అంతకంటే భద్రమైనది, చవకైనది మరొకటి లేదు. వెనక గోడే కాబట్టి వేడిగాలి తలుపు పైభాగంలోని జాలీ గుండానే పోవాలి. అందువల్ల తలుపు నిండా జాలీ ఉండటం మేలు.

గోడకు వేలాడే బీరువా: నేలనుంచి నాలుగైదు అడుగుల ఎత్తులో గట్టిగా బిగించాలి. గోడ ఇటుకదై ఉండాలి. పెళుసు గోడకు బరువు వేలాడదీయవద్దు. దీని కింద సోఫా, మంచం, స్టూలు ఉంచితే పిల్లలకు మెట్టు వేసి ఇచ్చినట్టే.

పొట్టిగా, వెడల్పుగా ఉండే తలుపుల బీరువా: నేలమీద పెట్టేవాటిలో ఇది మేలు. ఎత్తు తక్కువ, అడుగు వెడల్పు ఎక్కువ. బరువైన ఆంప్లిఫైయరు, పుస్తకాలు కింది అరలో ఉండాలి. దాని పైన టీవీ పెడితే టీవీ కాళ్ళు అంచుకు రాకుండా వెనక్కి ఉండాలి.

గాజు తలుపుల షోకేసు: గాజు తప్పనిసరి అయితే టఫెండ్ గాజు అడగండి. భద్రతా గాజుకు మన దేశంలో ఐ.ఎస్. 2553 అనే ప్రమాణం ఉంది. గాజు మూలలో ముద్ర ఉందేమో చూడండి. ఇది పగిలినా మొండి అంచుల చిన్న గుళికలుగా రాలుతుంది. మామూలు గాజే ఉంటే దాన్ని తీయించి జాలీగాని, పలుచటి ప్లైవుడ్‌గాని వేయించండి.

తలుపులు లేని ఇనుప ర్యాకు: పసిబిడ్డ ఉన్న ఇంటికి ఇది తగదు. ప్రతి అరా ఒక మెట్టే.

పాత సొరుగుల బల్ల: చాలామంది బట్టల సొరుగుల బల్ల మీద టీవీ పెడతారు. రెండు మూడు సొరుగులు ఒకేసారి లాగితే బరువంతా ముందుకు వస్తుంది. ఇలాంటి ప్రమాదాల వల్లే అమెరికాలో 2022 చివర స్టర్డీ అనే చట్టం చేశారు. అక్కడ అమ్మే బట్టల బీరువాలు 60 పౌండ్లు, అంటే దాదాపు 27 కిలోల బిడ్డ లాగినా, ఎక్కినా బోల్తా పడకుండా ఉన్నాయని పరీక్షించాలి. ఆ చట్టం బట్టల బీరువాలకే అయినా అందులోని పాఠం మనకూ పనికివస్తుంది. ఇంట్లో మీరే ఇలా చూడవచ్చు. యంత్రాలన్నీ దించి, బిడ్డను దూరంగా ఉంచి, సొరుగులన్నీ లాగి, పై సొరుగు అంచుమీద చేతితో గట్టిగా కిందికి నొక్కండి. వెనక కాళ్ళు లేస్తే అది ఉన్నపళాన గోడకు బిగించవలసిన బీరువా.

వడ్రంగి మేస్త్రికి ఏం చెప్పాలి?

మన ఊళ్ళలో చాలామంది బీరువాను కొట్లో కొనరు, చేయించుకుంటారు. ఇది మంచి అవకాశం. కాని మాట ముందే స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఇలా ఉంటుంది.

"మేస్త్రీ, వెనక చెక్క నిండుగా వేశారేమిటి?"

"చూడ్డానికి బాగుంటుందని వేశానమ్మా. దుమ్ము కూడా పడదు."

"లోపల ఆంప్లిఫైయరు ఉంటుంది మేస్త్రీ, గాలి ఆడాలి. పైన జాలీ పెట్టండి. అంచులు కూడా గుండ్రంగా తిప్పండి, పాప తల తగులుతుంది."

"ముందే చెప్తే ఒక్క పూటలో అయిపోయేదమ్మా!"

కాబట్టి ముందే ఈ మాటలు చెప్పండి. లోతు యంత్రం కంటే కనీసం 10 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి, వైర్లు మడత పడకుండా. మూలలు, అంచులు గుండ్రంగా ఉండాలి. మేకులు కాదు, స్క్రూలు వేయాలి. పిడులు బయటికి పొడుచుకు వచ్చేవి వద్దు, అవి ఎక్కడానికి పనికివస్తాయి, నుదుటికీ తగులుతాయి. సొరుగు పూర్తిగా ఊడి రాకుండా లోపల అడ్డు ఉండాలి. తలుపు పైకి లేచే మూతలా కాక పక్కకు తెరుచుకునేలా ఉండాలి. పైనుంచి పడే మూత తలమీద, మెడమీద పడుతుంది.

ప్లైవుడ్ అయితే ఐ.ఎస్. 303 ముద్ర ఉన్నది అడగండి. నేల తడి తగిలే చోట బి.డబ్ల్యు.ఆర్. రకం మంచిది. చవక పార్టికల్ బోర్డులో స్క్రూ ఎక్కువకాలం పట్టు నిలపదు. తడి తగిలితే ఉబ్బుతుంది. గోడకు బిగించే బీరువాకు అది తగదు.

రంగు విషయం కూడా మరవకండి. పిల్లలు అంచులు నాకుతారు, పెచ్చులు నోట్లో పెట్టుకుంటారు. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీ.పీ.ఎం. మించకూడదని 2016లో నిబంధన చేశారు. అది 2017 నవంబరునుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు రంగు వేసిన పాత అలమర పెచ్చులూడుతుంటే దాన్ని బిడ్డ ఉన్న గదిలో పొడిగా గీకించకండి. ఆ దుమ్ములో సీసం ఉండవచ్చు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. తడిపి, బయట గీకించి, సీసం లేని రంగు అని డబ్బామీద రాసినది వేయించండి.

తలుపుకు గొళ్ళెం ఎలాంటిది?

పెద్దలకు తీయడానికి విసుగు పుట్టించే గొళ్ళెం నాలుగు రోజుల తరవాత తెరిచే ఉంటుంది. ఇది అందరి ఇళ్ళలో జరిగేదే. కాబట్టి గొళ్ళెం ఎంచుకునే ముందు రోజుకు ఎన్నిసార్లు తలుపు తీస్తామో లెక్క వేసుకోండి.

రిమోట్ వెలుగు చెక్క తలుపు గుండా పోదు. అందుకే చాలామంది తలుపు తెరిచి ఉంచుతారు. జాలీ తలుపు, ముదురు రంగు అక్రిలిక్ తలుపు అయితే మూసి ఉన్నా రిమోట్ పనిచేస్తుంది. బ్లూటూత్ చెక్క గుండా పోతుంది గాని ఇనుప బీరువాలో బలహీనపడుతుంది.

లోపల దాగి ఉండే అయస్కాంతపు గొళ్ళేలు దొరుకుతాయి. బయటనుంచి అయస్కాంతపు తాళంచెవి ఆనిస్తేనే అవి తెరుచుకుంటాయి. అవి దొరకకపోతే తలుపు పైభాగంలో, బిడ్డకు కనిపించని ఎత్తులో మామూలు గడియ చాలు. తాడు కట్టడం, రబ్బరు బ్యాండు వేయడం వద్దు. అవి మెడకూ, నోటికీ ప్రమాదమే. తాళంచెవి చిన్నదైతే గోడమీద ఎత్తుగా మేకుకు తగిలించండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. బిడ్డ దూరేంత పెద్ద ఖాళీ అర ఉన్న బీరువాకు బయట తాళం పడితే, లోపల దాక్కున్న బిడ్డకు గాలి అందదు. పాత ఫ్రిజ్‌లలో పిల్లలు ఇలాగే చిక్కుకుని చనిపోవడం వల్ల, లోపలినుంచి తోస్తే తలుపు తెరుచుకునేలా ఉండాలని అమెరికాలో 1956లోనే చట్టం చేశారు. మీ బీరువాలో పెద్ద ఖాళీ అర ఉంచకండి. అడ్డచెక్కలు వేసి చిన్న గదులుగా విడదీయండి. గాలి జాలీ ఇక్కడ కూడా ప్రాణరక్షణే.

గోడకు బిగించడం

ఎంత బరువైన బీరువా అయినా గోడకు బిగించనిదే భద్రం కాదు. వెనక పైభాగంలో రెండువైపులా రెండు ఇనుప ఎల్ పట్టీలు పెట్టి, గోడలో ప్లాస్టిక్ ప్లగ్గులు దిగ్గొట్టి, పొడవైన స్క్రూలతో బిగించాలి. స్క్రూ సిమెంటు పూతలో కాదు, లోపలి ఇటుకలో దిగాలి. ఇది ఒక మనిషికి గంట పని. టీవీని కూడా దాని వెనక ఉండే రంధ్రాల ద్వారా పట్టీతో గోడకు కట్టాలి. నిలువు స్పీకర్లను గోడకు బిగించండి. కుదరకపోతే బిడ్డకు నాలుగైదేళ్ళు వచ్చేవరకు వాటిని తీసి లోపల పెట్టండి. పాట రెండు చిన్న స్పీకర్లలోనూ వినిపిస్తుంది.

అద్దె ఇల్లు అయితే ఇంటి యజమానితో ఒక్క మాట చెప్పండి. "పాప ఉందండీ, మీద పడకుండా నాలుగు రంధ్రాలు వేసుకుంటాం, ఖాళీ చేసేటప్పుడు సిమెంటు పూసి ఇస్తాం" అంటే కాదనేవారు తక్కువ. ఒప్పుకోకపోతే ఎత్తు బీరువా వద్దు. పొట్టి బల్లే మేలు.

చివరగా, బీరువా పైన బిడ్డకు ఇష్టమైనదేదీ పెట్టకండి. బిస్కట్ల డబ్బా, బొమ్మ, రిమోట్, ఫోను ఇవన్నీ బిడ్డను పైకి పిలిచేవే.

కరెంటు జాగ్రత్తలు

ఎక్స్‌టెన్షన్ బోర్డు బీరువా లోపల, గోడకు బిగించి ఉండాలి. వెనకనుంచి బయటికి ఒకే వైరు రావాలి. ఆ రంధ్రానికి రబ్బరు బుష్ వేయిస్తే వైరు చెక్క అంచుకు ఒరుసుకోదు. వైరును గోడవెంట గొట్టంలో తీసుకెళ్ళండి. మూడు పిన్నుల ప్లగ్గునే వాడండి. ఎర్త్ పిన్ను విరిచి రెండు పిన్నులతో పెట్టడం ప్రాణంతో ఆట. కింద ఉన్న ప్లగ్ పాయింట్లకు లోపల మూత ఉండే రకం వేయించండి.

ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉందేమో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఎం.సి.బి. వైరు కాలిపోకుండా కాపాడుతుంది. మనిషికి షాకు తగిలి కరెంటు నేలలోకి పోతున్నప్పుడు క్షణంలో ఆపేది ఆర్.సి.సి.బి. రెండూ ఉండాలి. ఆర్.సి.సి.బి. మీద ఉండే టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడండి. నొక్కగానే కరెంటు పోవాలి.

ప్రమాదం జరిగితే

బటన్ బ్యాటరీ మింగితే: బ్యాటరీ పగలనవసరం లేదు, లోపలి మందు కారనవసరం లేదు. తడిగా ఉన్న ఆహారనాళంలో ఇరుక్కోగానే కరెంటు పారి అక్కడ ఘాటైన క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే లోతైన పుండు పడుతుంది. "అయిపోయిన" బ్యాటరీలో కూడా అంత శక్తి మిగిలి ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పున్న లిథియం బ్యాటరీలు మరీ ప్రమాదం. మింగింది ఎవరూ చూడకపోతే లక్షణాలు జలుబులాగే ఉంటాయి: చొంగ కారడం, దగ్గు, అన్నం వద్దనడం, వాంతి. రిమోట్ మూత ఊడి, బ్యాటరీ కనబడకపోతే మింగినట్టే భావించి వెంటనే ఆసుపత్రికి రండి. ఎక్స్‌రేలో అంచున రెండు వలయాలు కనిపిస్తే అది నాణెం కాదు, బ్యాటరీ అని వైద్యులు గుర్తిస్తారు. ఎండోస్కోపీతో తీస్తారు.

వాంతి చేయించకండి. అన్నం, నీళ్ళు, పాలు పెట్టకండి. బిడ్డకు ఏడాది నిండి, మింగగలిగే స్థితిలో ఉండి, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు టీ చెంచాల తేనె ఇవ్వవచ్చు. ఆరుసార్లకు మించవద్దు. ఇది పుండు పడటాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది, వైద్యం కాదు. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం చేయకండి. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలు ఇవ్వకూడదు. ముక్కులో, చెవిలో బ్యాటరీ ఇరుక్కుంటే చుక్కల మందు వేయకండి, వెంటనే తీసుకురండి. అమెరికాలో 2022లో రీస్ చట్టం వచ్చింది. రిమోట్ బ్యాటరీ వల్ల చనిపోయిన ఏడాదిన్నర పాప పేరే దానికి పెట్టారు. బ్యాటరీ గది మూతకు స్క్రూ ఉండాలని, లేదా రెండు పనులు ఒకేసారి చేస్తేగాని తెరుచుకోకూడదని ఆ చట్టం చెబుతుంది. మనం కూడా స్క్రూ ఉన్న రిమోట్‌నే కొందాం. లేనిదానికి గట్టి టేపు చుట్టి, అందని చోట పెడదాం.

షాకు తగిలితే: బిడ్డను ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతో వైరును తొలగించండి. తెలివి లేక, ఊపిరి ఆడకపోతే ఒకరు 108కి ఫోను చేస్తుండగా మరొకరు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఛాతీ మందంలో మూడో వంతు దిగాలి. 30 సార్లు నొక్కి 2 సార్లు నోటితో ఊపిరి ఇవ్వాలి. బిడ్డ లేచి ఆడుకుంటున్నా, చిన్న కాలిన మచ్చ ఉన్నా వైద్యునికి చూపించాలి. పైన చిన్నదిగా కనిపించే కరెంటు గాయం లోపల లోతుగా ఉండవచ్చు.

వైరు కొరికి పెదవి మూల కాలితే, మొదటి రోజు రక్తం రాదు. ఐదో రోజు నుంచి రెండు వారాల లోపు పెచ్చు ఊడినప్పుడు రక్తనాళం తెగి ఎక్కువ రక్తం పోవచ్చు. అప్పుడు పెదవిని లోపలినుంచి, బయటినుంచి రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకుని ఆసుపత్రికి రావాలి.

బీరువా, టీవీ మీద పడితే: వస్తువును లేపండి గాని బిడ్డ మెడ, నడుము కదపకండి. ఒకటికి మించి వాంతులు, మత్తుగా ఉండటం, ఫిట్సు, చెవి లేక ముక్కునుంచి రక్తం లేదా నీరు రావడం, ఒక చేయి కాలు ఆడించకపోవడం ఉంటే క్షణం ఆగకండి. పొట్ట మీద, ఛాతీ మీద బరువు పడితే పైకి గాయం లేకపోయినా చూపించాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం వంటివి గాయంలో నింపకండి.

ఒక గంట చాలు

ఈ వారంలో ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఇవి చూసుకోండి.

1. నేలమీద కూర్చుని, బిడ్డ కళ్ళ ఎత్తునుంచి గదిని చూడండి. ఏం అందుతోంది?
2. బీరువా, టీవీ, స్పీకరును ముందుకు లాగి చూడండి. కదిలితే బిగించండి.
3. బీరువా పైన ఉన్న తినుబండారాలు, బొమ్మలు, రిమోట్లు తీసేయండి.
4. ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ తెచ్చి బటన్ బ్యాటరీ ఉన్నవి విడదీయండి. పాత బ్యాటరీలను టేపులో చుట్టి పారేయండి.
5. వైరు తొడుగు ఎక్కడైనా చిట్లిందా?
6. తలుపు మూసి గంటసేపు నడిపే వేడి పరీక్ష చేయండి.
7. గొళ్ళెం పనిచేస్తోందా? ఇంట్లో అందరూ వేస్తున్నారా?
8. బిడ్డ దూరే ఖాళీ అర ఉందా?
9. ఆర్.సి.సి.బి. టెస్ట్ బటన్ నొక్కి చూడండి.
10. 108, 112 నెంబర్లు, మీ ఆసుపత్రి నెంబరు గోడమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

మంచి బీరువా ఉన్నా బిడ్డను ఒంటరిగా వదలకూడదు. కాని అమ్మ వంటింట్లోంచి ముందుగదిలోకి వచ్చేందుకు పట్టే ఆ కొన్ని సెకన్లను బిడ్డకు భద్రంగా గడపనిచ్చేది ఆ బీరువాయే. గోడకు బిగించిన రెండు పట్టీలు, తలుపుకు ఒక గడియ, వెనక ఒక జాలీ ఉంటే, తాతయ్య నిశ్చింతగా కళ్ళు మూసుకుని పాటలు వినవచ్చు. బాబు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఆ పాటలకు చప్పట్లు కొట్టవచ్చు.